ఉన్నదున్నట్టు రాసిన కాగితం

తనను వదిలి వెళ్లిన భార్యకి దేవుడు ఇంతవరకూ చిన్న కష్టమైనా ఎందుకు పెట్టలేదన్నది ప్రెస్సాయనకి ఏళ్లుగా ఉన్న సందేహం. రోజూ పొద్దున్నే తన ప్రింటింగ్ ప్రెస్సు షట్టరు ఎత్తి, దేవుడి పటం ముందు చేతులు కట్టుకుని నిలబడి, మిషన్ల చప్పుడు మొదలయ్యేలోగా ఆ మాట అడిగేవాడు. అడగడం వరకే తన పని, చేసేది ఎప్పుడన్నది ఆయనిష్టం అని సర్దుకునేవాడు కూడా.

ఆ రోజు కళ్లు తెరిచి వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో ఆమే నిలబడి ఉంది. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు.

"దారి తప్పి వచ్చావా?" అన్నాడు, కూర్చోమనకుండా.

"పిల్లకి కాలేజీలో సీటొచ్చింది. ఫీజు కట్టడం నా వల్ల కాదు. సాయం కోసం అప్లికేషన్ పెడుతున్నాం," అంది. "మీ ఆదాయం కాగితం ఒకటి ఇప్పించండి. ఆడిటర్ సంతకం, సీలు ఉండాలి."

కటింగ్ మిషన్ దగ్గరున్న పనివాళ్లకి కూడా వినపడాలని ప్రెస్సాయన గొంతు పెంచాడు. "నా గడప తొక్కనని వెళ్లినదానికి నా కాగితంతో ఏం పని? ల్యాబులో జనానికి సూదులు గుచ్చి పిల్లని మహారాణిలా పెంచుతానన్నావుగా."

"పెంచాను. అందుకే సీటొచ్చింది."

ఆ జవాబుకి అతనికి చుర్రుమంది. ఆమె మాత్రం తల వంచుకుంది.

"ఇంకొక్క మాట. ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్ల పిల్లలకి ఈ సాయం ఇవ్వరట. మీకు దణ్ణం పెడతాను, కాస్త తగ్గించి రాయించండి. గోడౌన్ సంగతీ, అద్దెల సంగతీ అందులో రానివ్వకండి."

ప్రెస్సాయనకి పాత రోజులు గుర్తొచ్చాయి. కాపురం చేసినన్నాళ్లూ ఆమె కిటికీ తెరవమంటే మూసేవాడు, లైటు ఆర్పమంటే పక్కగదిలోది కూడా వేసేవాడు. ఆమె వద్దన్న పని చేయడంలో ఉన్న తృప్తి అతనికి మరెక్కడా దొరకలేదు. ఇప్పుడు దేవుడు పిలిచి మరీ ఆ తృప్తిని చేతిలో పెడుతున్నాడు.

"రేపు రా," అన్నాడు మెత్తగా.

సాయంత్రం ఆడిటర్ ముందు కూర్చుని, "ఈసారి ఉన్నదున్నట్టు రాయండి," అన్నాడు.

ఆడిటర్ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టాడు. "ఒంట్లో బాగానే ఉందా? మీ లాభం ఎవరి కంటా పడకుండా దాచలేకే నాకు బట్టతల వచ్చింది."

"ప్రెస్సు లాభం, గోడౌన్ అద్దె, మేడ మీద వాటాల అద్దెలు, ఏదీ వదలొద్దు. ఈ ఏడాదిదే కాదు, వెనకటి ఏళ్లవి కూడా వరసగా రాసేయండి."

"రాయమంటే రాస్తాను. నా సంతకం పడ్డాక మాత్రం, అబ్బే అదంతా ఉత్తిదే అంటే కుదరదు."

"నేనెందుకంటాను?"

"ఇంతకీ ఎవరి మీద కోపం?"

"నిజం చెప్పడానికి కోపం ఎందుకండీ," అన్నాడు ప్రెస్సాయన. అన్నాక అతనికే కాస్త తికమకగా అనిపించింది. ఒకరిని ముంచడానికి చెప్పిన నిజం కూడా పుణ్యం కిందికే వస్తుందా? వస్తుందిలే అనుకున్నాడు. నిజానికి మంచి నిజం, చెడ్డ నిజం అని ఉండదు కదా.

మర్నాడు ఆమె ఆ కాగితాన్ని నిలబడే చదివింది. పెదవులు బిగబట్టి, మళ్లీ మొదటి నుంచి చదివింది.

"ఇంతింత రాయించారేంటి? తగ్గించమన్నాను కదా."

"అబద్ధం ఆడటం పాపం. పిల్ల చదువు పాపంతో మొదలవడం నాకిష్టం లేదు," అన్నాడు. మిషన్ వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆమె కాగితం నలగకుండా ఫోల్డర్లో పెట్టుకుని మెట్లు దిగింది. ఏడుస్తుందేమో చూద్దామని అతను గుమ్మం దాకా వచ్చాడు. ముఖం కనపడలేదు కానీ, వీధి మలుపు దాకా ఆమె భుజాలు అదురుతూనే ఉన్నాయి. ఆ రాత్రి అతనికి హాయిగా నిద్ర పట్టింది.

సాయం ఎవరెవరికి వచ్చిందో చెప్పే రోజున మనసు ఊరుకోక కాలేజీకి వెళ్లాడు. ఆఫీసు కిటికీ ముందు కూతురు కాగితాలు సర్దుకుంటూ కనిపించింది.

"ఏమ్మా, లేదన్నారా?" అన్నాడు, జాలి పడుతున్నట్టు.

"ఇచ్చారు నాన్నా. ఫీజు మొత్తం మాఫీ."

ప్రెస్సాయన కిటికీ దగ్గరికి దూసుకెళ్లాడు. "ఏవండీ, మీరు కాగితాలు చదివే ఇస్తారా, బరువు చూసి ఇస్తారా? ఈ పిల్ల తండ్రి సంపాదన ఎంతో చూశారా?"

లోపలున్న గుమస్తా తల కూడా ఎత్తలేదు. "తల్లీతండ్రీ విడిపోతే, పిల్లని పెంచుతున్నవాళ్ల ఆదాయమే చూస్తామండి. తండ్రి కాగితం మేం అడగలేదు, వాళ్లు ఇవ్వనూ లేదు."

అతను నెమ్మదిగా కూతురి వైపు తిరిగాడు. "మరి నా కాగితం ఏం చేశారు?"

"జడ్జిగారికి ఇచ్చాం నాన్నా," అంది కూతురు, ఫోల్డరు మూస్తూ. "అమ్మా మీరూ విడిపోయినప్పుడు నా పెంపకానికి నెలనెలా డబ్బు ఇవ్వమంటే, తినడానికే గతి లేదని మీరు ఒట్టేసి చెప్పారట కదా, ఆ కోర్టులోనే."