తీగకు ఆసరా

“అదేం ముడే! తుమ్మితే ఊడేట్టుంది. విప్పి మళ్ళీ కట్టు!”

అరుగు మీది నుంచి అత్తగారు అరిచింది. కోడలు పాత మంచం పట్టెలు రెంటికీ మధ్య అడ్డకర్రను దుప్పటి పేలికలతో మళ్ళీ బిగించింది. ప్రహరీ పక్కనున్న చెట్టు మీదికి తీగను పాకించాలట. ఆ చెట్టు కొమ్మలు సగం గోడవతల టైలరమ్మ పెరట్లోనే ఉన్నాయి. పూసినా సగం పూలు ఆవిడకే. అయినా అత్తగారి పంతం అత్తగారిదే.

“తీగే కదత్తయ్యా, సన్న పుల్లలు చాలవా?”

“చెప్పింది చెయ్యి. ఏదీ, ఎక్కి నిలబడు. నీ బరువుకే విరిగేది రేపు గుత్తుల బరువేం మోస్తుంది?”

ఎక్కి నిలబడింది. కర్ర విరగలేదు. గోరు చీలి నెత్తురొచ్చినా అత్తగారు అటు చూడలేదు. పగలు ఈవిడ నోటికీ, చీకటి పడితే ఆయన చేతికీ బెదరడంతోనే ఆమె బతుకు గడిచిపోతోంది. ఫోను ఆయన బీరువాలో ఉంది. గేటు తాళం ఆయన జేబులో ఉంది.

వానలు పడ్డాయి. తీగ గోడ ఎత్తు దాటింది.

ఒక ఉదయం ఆయన ఆఫీసుకు బయల్దేరుతూ వంటింటి దగ్గర ఆగాడు.

“కిటికీ ఎందుకు తెరిచావ్?”

“పొగ... పోతుందనండీ...”

“సరే. సాయంత్రం వచ్చి మాట్లాడతా.”

మెత్తగా అన్నాడు. ఆయన అరిచిన రోజులు నయం. మెత్తగా మాట్లాడితేనే ఆమెకు పై ప్రాణాలు పైనే పోతాయి. కిందటిసారి అలా అన్న రోజు నుంచీ ఆమెకు ఎడమ చెవి వినబడటం లేదు.

గేటుకు తాళం పడింది. బండి సందు మలుపు తిరిగింది.

“ఇటు రావే!” పెరట్లోంచి పిలుపు.

కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళి, చూసి, కొయ్యబారిపోయింది. తీగంతా తెగి నేల మీద కుప్పపడి ఉంది. చెట్టుకు ఆనించిన కర్రలు బోసిగా మిగిలాయి. వాటి ముందు కొడవలితో అత్తగారు.

“నేను కాదత్తయ్యా! ఒట్టు, నేను ముట్టుకోనైనా లేదు!”

“అరవకు.”

గోడవతల ఎవరో మెల్లగా దగ్గారు. అత్తగారు కొడవలి పక్కన పడేసింది. ఆ రెండు పట్టెలనూ అదిమి పట్టుకుంది.

“ఎక్కు తల్లీ, నిచ్చెన నేను పట్టుకుంటాను.”