నూటయాభై ఏళ్ల తలుపు

ఉదయ్‌కుమార్ సంచిలోంచి తుప్పు పట్టిన గొలుసూ, యాసిడ్ సీసా తీసి కొత్త తలుపు మీద పెట్టగానే వడ్రంగి జిలానీ బాషా చేతిలోని ఉలి పక్కన పెట్టేశాడు.

"ఇయ్యేటి బాబూ?"

"తలుపు బాగా వచ్చింది బాషా గారూ. కానీ మరీ కొత్తగా ఉంది. గొలుసుతో ఓ నలభై దెబ్బలు వేసి, యాసిడ్ రాసి, డ్రిల్లుతో పురుగు తొలిచినట్టు చిన్న చిన్న బొక్కలు పెట్టండి. నూటయాభై ఏళ్లనాటి జమీందారు ఇంటి తలుపని హోటలు వాళ్లకి చెప్పేశాను."

విశాఖ ద్వారకా నగర్‌లో పాతకాలం సామాన్లమ్మే ఏసీ ఆఫీసు, ఒంటి మీద ఇస్త్రీ చొక్కా, నోట్లోంచి ఈ కంపు మాట. బాషా ఆ టేకుని రెండేళ్లు నీడన ఆరబెట్టాడు. బయటి తెల్ల చెక్కంతా చెక్కి పారేసి, లోపలి చేవ మాత్రమే ఉంచుకున్నాడు. ఒక్క మేకు కొట్టకుండా చెక్కలో చెక్క దిగేసి, మీద మామిడి పిందెల తీగ చెక్కడానికి నాలుగు నెలలు పట్టింది. దాన్నిప్పుడు గొలుసుతో బాదాలట.

"నా సేత్తో నాను సెయ్యను బాబూ. కడుపున పుట్టిందాన్ని కొట్టమన్నట్టుంది."

"మీరు చెయ్యకపోతే పోయేదేం లేదు. పరవాడలో చేసేవాళ్లున్నారు. ఇప్పుడే వ్యాన్ ఎక్కించేస్తాను."

బాషా గొలుసు తీసి అవతల పారేశాడు. దాన్ని ముట్టుకున్నందుకు చెయ్యి లుంగీకి రెండుసార్లు తుడుచుకున్నాడు.

"నీకు పాతదే కదా కావాల? మా ఇంటి తలుపు మా తాత సేసింది. నూరేళ్లు దాటిపోనాది. అదట్టుకుపో. దీన్నొదిలేయ్."

ఉదయ్‌కుమార్ కళ్లు మెరిశాయి. "అసలైన పాతదా? అయితే ఇది మీరే ఉంచుకోండి."

కొట్టు వెనకే ఇల్లు. బాషా తలుపు ఊడదీస్తుంటే భార్య ఖైరున్నీసా అడ్డొచ్చింది.

"మతి పోనాదా ఏటి? తాతగారి తలుపు ఇచ్చేత్తారా?"

"ఇచ్చేత్తాను. కొత్తది మనింటికి పెట్టుకుందాం. దాన్ని ఈడి సేతిలో పెట్టేసి నాను బువ్వ తినలేను" అన్నాడు గొంతు తగ్గించి.

ఏటా రంజాను ముందు ఆ తలుపుకి అవిసె నూనె పట్టించేది ఆమే. కొంగు నడుముకి దోపి రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ మోసుకొచ్చి ఎండలో నిలబెట్టారు. వెనక్కి తిరిగి బోసిగా ఉన్న గుమ్మం చూడ్డానికి బాషాకి మనసొప్పలేదు.

ఉదయ్‌కుమార్ గొంతుక్కూర్చుని ఫోను లైటు వేసి తలుపంతా వెతికాడు. అతుకుల్లో గోరు దూర్చబోతే దూరలేదు. ఒక్క పగులు లేదు. పురుగు తొలిచిన ఒక్క బొక్క లేదు. వేలితో కొడితే ఖంగుమంది.

లేచి నిలబడి, బాషా వైపు రోతగా చూశాడు.

"నమాజు చేసే పెద్దమనిషి కదా అని నమ్మాను. నిన్న మొన్న చేసిన తలుపుకి ముదురు పాలిష్ కొట్టి, తాతగారిదని చెప్పి నాకే అంటగడతారా? జనాన్ని ఇలా మోసం చెయ్యడానికి సిగ్గుగా లేదా బాషా గారూ?"