గోపాలపూర్‌లో చూడదగినవి

“గోపాలపూర్‌లో చూడ్డానికి ఏమేం ఉన్నాయి?” బరంపురంలో ఒక అనాథాశ్రమం గేటు ముందు నిలబడి సుధీంద్ర హిందీలో అడిగాడు. పక్కన భార్య మధులత. ఆమె చెయ్యి పట్టుకుని ఆరేళ్ల సస్మిత.

“చాలా ఉన్నాయి సార్, ఎక్కండి,” ఆటో పైడన్న కూడా హిందీలోనే చెప్పాడు.

ఆటో కదలగానే మొగుడూ పెళ్లాం తెలుగులోకి దిగారు. పైడన్నది గోపాలపూర్ జాలరిపేట, అక్కడ ఇంటింటా తెలుగేనని విజయవాడ వాళ్లకేం తెలుసు?

“పాప మనల్ని అమ్మానాన్నా అనుకుంటోందండీ. దాని ముందు ఈ మాటలన్నీ ఎందుకు?”

“ఒడియా పిల్ల, దానికేం తెలుస్తుంది? సాయంత్రం దింపేసి, దత్తత వద్దని చెప్పేద్దాం. నీకిప్పుడు మూడో నెల. ఇద్దర్ని పెంచగలమా?”

“ఒక్కరోజు సముద్రం చూపించమని ఆశ్రమం మేడమ్ అడిగితే కాదనలేకపోయాను.”

పైడన్న అద్దంలో పాప వైపు చూశాడు. తెలుగువాణ్ణని ముందే చెప్పి ఉంటే వాళ్లు నోరు విప్పేవాళ్లే కాదు. ఇప్పుడు చెప్పి మాత్రం ఏం లాభం? వాళ్ల సంసారం, వాళ్ల ఇష్టం.

లైట్‌హౌస్ చూపించాడు. సుధీంద్ర ఒక్కడే పైకెక్కాడు. సస్మిత మెట్ల దాకా వెళ్లి వెనక్కొచ్చి, మధులతని నీడలో కూర్చోబెట్టి తనూ కూర్చుంది. పాత రేవు స్తంభాల దగ్గర కొన్న వేరుశనగలు ఒలిచి, ముందు ఆమెకే పెట్టింది.

“ఇంకా ఏమున్నాయి మౌసా?” అని పైడన్నని బాబాయ్ వరస కలిపి ఒడియాలో అడిగింది.

పొద్దుపోతే ఈ పిల్ల మళ్లీ ఆ గేటు లోపలికే. “నానేటి సెయ్యగల్ను,” అని తనలో తనే గొణుక్కున్నాడు. కాసేపు పొద్దు సాగదీయడం ఒక్కటే అతని చేతిలో ఉంది. పడవ షికారు చేయించాడు. తాబేళ్లు గుడ్లు పెట్టే చోటికి, ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దాకా తీసుకెళ్తాను, కిరాయి లేకుండా ఊరికే వస్తానన్నాడు.

“వద్దు. ఆరింటికి అప్పగించాలి,” అన్నాడు సుధీంద్ర.

తిరుగుదారంతా మధులత చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూనే ఉంది. సుధీంద్ర రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు.

గేటు ముందు ఆటో ఆగింది. ఇప్పుడైనా ఒక్క మాట అడగాలని పైడన్న వెనక్కి తిరిగాడు. సుధీంద్ర అప్పటికే కిరాయి డబ్బులు చాపి ఉన్నాడు.

సస్మిత దిగి, మధులత కళ్లు తుడిచి, అచ్చం జాలరిపేట తెలుగులో అంది: “ఏడవకమ్మా, నీకు పాప పుట్టినాక ఇక్కడికి తీసుకురా, అన్నీ నాను సూపిత్తాను.”