పావని నాలుగో డెమో

“కాసిని నీళ్లు తెచ్చిపెడతావా?”

స్టాఫ్‌రూమ్‌లో బీరువా తుడుస్తున్న పెద్దావిడని అండీ లేదు, గారూ లేదు, అలా అడిగేసింది పావని. నలిగిన నేత చీర, చేతిలో పాతగుడ్డ చూసి ఆయా అనుకుంది మరి. అక్కడే పప్పులో కాలేసింది.

ఆవిడ ఏమీ అనుకోలేదు. గ్లాసు కడిగి మరీ తెచ్చిచ్చింది.

“ఇంగ్లిష్ డెమోకి వచ్చారాండి?”

“ఆఁ. ఏడో తరగతికి. కాంపౌండ్ నౌన్స్.”

పావనికిది నాలుగో డెమో. ఇప్పటికే మూడు స్కూళ్లు వద్దన్నాయి. ఇదీ పోతే కాకినాడ మాట మరిచిపోయి, రామచంద్రపురంలో బాబాయి ఫ్యాన్సీ షాపులో గాజులు సర్దుకోవడమే.

“పుస్తకంలోవి చెబితే నిద్రపోతారండి,” అందావిడ. “బడికొచ్చే దారిలో ఏం చూశారో అడగండి. ముందు ఆఖరి బెంచీలో హర్షితని. అది నోరు విప్పిందంటే ఇక క్లాసు మీదే.”

నీకేం తెలుసులే అనుకుంది పావని.

క్లాసులో వెనక కుర్చీలో ప్రిన్సిపాల్ నిరంజన్ కూర్చున్నాడు. పావని బోర్డు నిండా డెఫినిషన్ రాసింది.

“రెండు మాటలు కలిసి ఒకే పేరైతే...”

పిల్లలు ఆవలించారు. నిరంజన్ వాచీ చూసుకున్నాడు. అయిపోయింది, ఇదీ పోయింది అనుకుంది.

ఇక గత్యంతరం లేక అడిగింది.

“హర్షితా, ఇవాళ బడికొస్తూ ఏం చూశావమ్మా?”

ఆ పిల్ల లేచి నిలబడింది.

“ఫిషింగ్ హార్బర్, టీచర్. మా నాన్న అక్కడే పనిచేస్తాడు.”

“శభాష్! రెండు మాటలు, ఒకే పేరు. ఇంకా?”

“రైల్వే గేట్!”

“బస్‌స్టాప్!”

“పెట్రోల్ బంక్, టీచర్!”

క్లాసంతా ఎగబడింది. గంట కొట్టినా ఎవరూ కదలరే!

“రేపట్నించి వచ్చెయ్యండి,” అన్నాడు నిరంజన్.

పావనికి ఆనందంతో ఏడుపొకటే తక్కువ. స్టాఫ్‌రూమ్‌కి పరుగెత్తింది. ఎవరూ లేరు. మళ్లీ నిరంజన్ దగ్గరికే వచ్చింది.

“సార్, ఇందాకటి ఆయాగారు ఏరండి? ఆవిడ చెప్పబట్టే గట్టెక్కాను.”

“ఆయా ఇవాళ రాలేదండి.”

“మరి బీరువా తుడుస్తున్నావిడ?”

నిరంజన్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“దేవకుమారిగారు. సామర్లకోట బస్సెక్కేసుంటారు. పంతొమ్మిదేళ్లు ఇక్కడే ఇంగ్లిష్ చెప్పారు, బీఈడీ లేదని ఇవాళ్టితో మానిపించాల్సొచ్చింది. మీకిచ్చింది ఆవిడ ఉద్యోగమేనండి.”