పల్చటి పూత

"తుప్పు ఎప్పుడు పడుతదో చెప్పేటోనికి జీతమిస్తున్నరా? మస్తుంది కంపెనీ!"

సూరత్ అడాజన్‌లో కూతురి ఫ్లాటు బాల్కనీలో కూర్చుని, ఊరవతల జోల్వాలో మగ్గాలు నడిపే దశరథం పెదవి విరిచాడు. కూతురు హారతి నవ్వాపుకుంది. కొత్త కాపురం. తండ్రి వెటకారం కూడా తియ్యగానే ఉంది.

సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ ఇనుము మీది పూతను ఎప్పటికి తినేస్తాయో లెక్కగట్టడం అల్లుడు శ్యాంసుందర్ ఉద్యోగం. మామ ఎగతాళి చేసేసరికి అతనికి పౌరుషం వచ్చింది. రెండు ఇనుప రేకులు తెచ్చి గ్రిల్‌కు వేలాడదీశాడు. ఒకదానికి మందంగా రంగు, ఇంకోదానికి పల్చగా.

"పల్చటిది దసరాలోపు తుప్పు పడుతది మామా. పట్టకుంటే ఉద్యోగం ఇడిచిపెట్టి, జోల్వాల మీ మగ్గాల కాడ కూసుంట."

"మాట మాటే," అన్నాడు దశరథం.

హారతి పల్చటి రేకు వంకే చూసింది. ఒకే కప్పులో ఇద్దరి చాయ్, సాయంత్రం బస్సులో కిటికీ సీటు, గ్రిల్ మీద వాలే పావురాలు... రేకు తుప్పు పట్టకపోతే ఇవన్నీ పోతాయి. జోల్వాలో మగ్గాల మోతకు మొగుడి మాట కూడా వినపడదు.

ప్రతి ఆదివారం దశరథం ఊడిపడేవాడు.

"సూడు మీ ఆయన సదువు! రేకు పెండ్లికొడుకు లెక్క మెరుస్తుంది."

శనగపిండిని ఆవిరి మీద ఉడికించిన వేడివేడి లోచో పెడితే మూతి తిప్పేవాడు. "గిది తిండా, ఉడకని పిండా? పో, జర చాయ్ పెట్టు. అల్లుడా, గిట్ల నా ఎదురుంగ నిలవడకు. కిందికి పోయి పాన్ పట్కరా."

అతన్ని బాల్కనీలో వదిలి ఇద్దరూ ఉరికేవారు.

వానలు తగ్గిపోయాయి. రేకు మెరుస్తూనే ఉంది. హారతికి అన్నం సయించడం లేదు.

దసరా రేపనగా, ఆదివారం, పల్చటి రేకు మీద గోధుమరంగు పొక్కులు లేచాయి. హారతి బాల్కనీలోనే గంతులేసింది. శ్యాంసుందర్ కాలరెగరేశాడు.

"లెక్కంటే లెక్కే మామా!"

దశరథం రేకు వంక చూడనైనా లేదు.

"గుడ్డిగ తగిలింది. గీడనే ఉండు, తుప్పును సూస్కుంట. నా మగ్గాలకు నీ అసుంటోడు అక్కెర లేదు."

చెప్పులేసుకుని విసవిసా వెళ్లిపోయాడు.

హారతి వెంటనే తల్లి భాగీరథికి ఫోన్ చేసింది.

"అమ్మా, బాపు ఓడిపోయిండు! మేం ఈడనే ఉంటం!"

"సల్లగుండుండ్రి. గని బిడ్డా, బీపీ అని నేను ఉప్పు బందు వెడితే, ఆయితారం ఆయితారం జేబుల ఉప్పు పొట్లం దాసుకొని వస్తుండు మీ బాపు, మీ ఇంట్ల దేంట్ల కలుపుకొని తింటుండు?"