రోజారాణి పేరు మీద

అరుణశ్రీ రెండు జతల బట్టలు బ్యాగులో కుక్కింది. చార్జరు, దువ్వెన పైన పడేసింది. జిప్పు పడలేదు.

"ఎటు పోతున్నవే?" గుమ్మంలోంచే అడిగింది రూమ్మేట్ రోజారాణి. "సోమవారం నుంచి పరీక్షలు."

"భద్రాచలం బస్సుకు పోత. మా ఊళ్లె నాటుమందు ఇస్తరు. ఈ మంట, ఈ పుండ్లు... కూసోనిస్తలేవు రోజా."

"ఎన్ని దినాలాయె?"

"పది."

"నీ శివకుమార్‌కు చెప్పినవా?"

అరుణశ్రీ తల అడ్డంగా ఊపింది.

రోజారాణి బ్యాగు లాక్కుని మంచం కిందికి తోసింది. "మొన్న యూనివర్సిటీల సుఖరోగాల మీద మీటింగు పెట్టి గిదే చెప్పిండ్రు కదనే. నువ్వేమో ఎనుక బెంచీల కూసోని ఇకిలించినవ్."

"నువ్వు నవ్వలేదా?"

"నవ్విన. నవ్వుకుంటనే విన్న. ఇది గోళీలకు తగ్గే జబ్బు. పసర్లు పూసుకుంట కూసుంటే లోపల్నే ఉండి రేపు పిల్లలు పుట్టకుంట చేస్తది. దవాఖానాల పన్నెండో నంబరు గది. పైస తీసుకోరు. నడువ్."

"నా పేరు రాసుకుంటరు. ఎవరన్న చూస్తే సచ్చిపోత."

రోజారాణి పర్సులోంచి తన ఆధార్ కార్డు తీసి అరుణశ్రీ చేతిలో పెట్టింది. "నా పేరు రాయించు. ఎవ్వరికీ చెప్ప. ఒట్టు."

దవాఖానా కౌంటర్లో కూర్చున్నామె కార్డు మీది ఫోటో వైపు చూడనైనా లేదు. కార్డు నంబరు కొట్టి చీటీ ఇచ్చింది. "ఫోన్ నంబరు?" అని అడిగి, అరుణశ్రీ నోరు తెరిచేలోపే, "కార్డుతోనే వచ్చిందిలే, పో" అంది.

డాక్టరు చూశాక రక్తం తీశారు. కౌన్సెలర్ సుజన రెండు మందుల ప్యాకెట్లు ముందు పెట్టింది. "ఒకటి నీకు, ఒకటి ఆ అబ్బాయికి. ఒక్కరే మింగితే మళ్లీ అంటుకుంటది. వారం తర్వాత రిపోర్టుకు రా, రోజారాణీ."

"అట్లనే మేడం," అంది అరుణశ్రీ.

క్యాంటీన్ వెనక శివకుమార్ మొహం చిట్లించాడు. "నాకేం లేదు. నేనెందుకు మింగాలె?"

"నీకు కనబడలే. దానికి కనబడ్డది," అని రోజారాణి కదలకుండా నిలబడి, అతనితో మింగించింది.

ఆరో రోజుకు మంట పోయింది. అరుణశ్రీ రెండు పరీక్షలు రాసింది. మూడోది రాసి వస్తుంటే హాస్టల్ గేటు దగ్గర రోజారాణి తండ్రి గోపయ్య కనిపించాడు. ఇల్లెందు గనిలో డ్యూటీ దిగి, బట్టలైనా మార్చుకోకుండా వచ్చాడు. పక్కన రోజారాణి తల వంచుకుని ఉంది.

"బిడ్డా, రోజా కార్డుకు నా ఫోన్ నంబరే ఉంటది. దవాఖానా నుంచి ఫోన్ చేసిండ్రు, రిపోర్టుకు రమ్మని. ఏం రోగమంటే చెప్పరు. పన్నెండో నంబరు గది అన్నరు. పోయి ఆ గది మీద బోర్డు చదువుకున్న." ఆయన కూతురి వైపు చేయి చూపాడు. "ఇదేమో నోరిప్పదు. నువ్వు దీనితోటి ఒక్క రూముల ఉంటివి. నా బిడ్డ గట్లాంటిది కాదని ఒక్క మాట చెప్పు తల్లీ."

రోజారాణి తలెత్తి స్నేహితురాలి వైపు చూసింది.

"నాకేం తెల్వదు బాబాయ్," అంది అరుణశ్రీ.

నవంబరు ఇరవై ఒకటిన తండ్రి వెంట వెళ్లిన రోజారాణి మళ్లీ యూనివర్సిటీకి రాలేదు.