లేని స్టాపు

వరసగా ఆరో శనివారం కూడా ఆ కళ్లజోడు మనిషి మొదటి స్టాపులో ఎక్కి, చివరి స్టాపు దాకా టికెట్ తీసుకుని, డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాడు.

చివరి స్టాపు వచ్చినా దిగి వెళ్లడు. మళ్లీ టికెట్ తీసుకుని అదే బస్సులో వెనక్కి వస్తాడు. బస్సు ఆగిన ప్రతిచోటా గడియారం చూసుకుని ఫోన్‌లో ఏదో రాసుకుంటాడు.

అద్దంలో అతను కనిపించినప్పుడల్లా పదిహేడో నంబరు బస్సు డ్రైవరు గుండెల్లో రాయి పడుతోంది.

దానికి కారణం ఉంది. ఆసుపత్రి వెనక గేటు దగ్గర స్టాపు లేదు. అసలు స్టాపుకి వెళ్లాలంటే గోడ చుట్టూ తిరిగి ఎత్తు ఎక్కాలి. సూదులు పొడిపించుకుని, కట్లు కట్టించుకుని వచ్చేవాళ్లు అంత దూరం నడవలేరని డ్రైవరు పదకొండేళ్లుగా ఆ గేటు దగ్గర అర నిమిషం బస్సు ఆపుతున్నాడు.

అలా ఎక్కేవాళ్లలో ఒక గొడుగమ్మ ఉండేది. పిడికి ఎర్ర గుడ్డ చుట్టిన పాత గొడుగు పట్టుకుని ఎక్కి, మాటా పలుకూ లేకుండా డ్రైవరు ముందు ఒక పిప్పరమెంటు బిళ్ల పెట్టి వెళ్లేది. ఏడాదిగా ఆవిడ కనిపించడం లేదు.

స్టాపు కానిచోట ఆపినందుకు పోయిన నెలలోనే ఇంకో డ్రైవరు ఉద్యోగం ఊడింది. డిపోవాళ్లు మామూలు బట్టల్లో మనుషుల్ని పంపి కనిపెడుతున్నారని అందరూ చెప్పుకుంటున్నారు. మన డ్రైవరు పింఛనుకి ఇంకా పద్నాలుగు నెలలుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోక ఏం చేస్తాడు?

కండక్టరమ్మ ఊరుకునే రకం కాదు. టికెట్ చింపుతూనే ఏం పని చేస్తారని అడిగేసింది. వెబ్‌సైట్లు తయారుచేస్తానని, ఇది మాత్రం ఆఫీసు పని కాదని, ఈ ఏడాది పూర్తి చేద్దామనుకున్న సొంత పనుల్లో ఒకటని అతను నవ్వుతూ చెప్పాడు.

ఆమె ఒక్క ముక్క కూడా నమ్మలేదు.

"సెలవు రోజున బస్సు టైములు రాసుకునే వెర్రివాడు ఎక్కడుంటాడన్నా? నాకు సెలవిస్తే సాయంత్రం దాకా దుప్పటి తియ్యను," అంది డ్రైవరుతో. "వీడు డిపో మనిషే. రాసి పెట్టుకో."

ఇంట్లో భార్య ఇంకా సూటిగా తేల్చేసింది.

"పింఛను చేతికొచ్చేదాకా మీ జాలిని కాస్త పక్కన పెట్టండి. రేపు మనం రోడ్డున పడితే ఏ గేటు దగ్గరా ఎవరూ ఎక్కించుకోరు."

ఏడో శనివారం వెనక గేటు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. ఒక చేతికి కట్టున్న ముసలాయన రెండో చెయ్యి ఎత్తాడు. డ్రైవరు చూపు పక్కకి తిప్పలేదు. బస్సు ఆగలేదు.

కళ్లజోడు మనిషి సగం లేచి నిలబడటం అద్దంలో కనిపించింది.

చివరి స్టాపులో అందరూ దిగాక అతను దగ్గరికొచ్చాడు.

"ఇవాళ వెనక గేటు దగ్గర ఆపలేదేం బాబాయ్?"

"అక్కడ స్టాపు లేదు. నేనెప్పుడూ ఆపలేదు."

"ఆరు వారాలుగా నేనే చూశాను. ఏళ్ల తరబడి ఆపుతున్నారని విన్నాను కూడా."

"ఎవరు చెప్పారు?"

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"పైవాళ్లు అడిగినా ఇలాగే చెబుతారా?"

"ఎవరడిగినా ఇంతే. నా ఉద్యోగం జోలికి రాకు నాయనా, నీకు పుణ్యముంటుంది."

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. బస్సు మెట్టు మీద కూర్చుని, లాప్‌టాప్ తెరిచి కాసేపు ఏదో చేశాడు. మూసేసి లేచాడు.

"మీరు నిశ్చింతగా ఉండండి బాబాయ్."

ఆ రోజు తిరుగు టికెట్ తీసుకోలేదు. నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

నిశ్చింత అన్న ఆ మాటే డ్రైవరుని కుదురుగా ఉండనివ్వలేదు. డిపో నుంచి కాగితం ఎప్పుడొస్తుందా అని మూడు నెలలు ఎదురుచూశాడు. కాగితం రాలేదు. అతనూ రాలేదు. వెనక గేటు దగ్గర బస్సూ ఆగలేదు. ఉద్యోగం భద్రంగానే ఉంది కానీ, ఆ గేటు దాటేటప్పుడల్లా డ్రైవరుకి సిగ్గుగా ఉండేది.

ఒక శనివారం పొద్దున బస్సు తియ్యబోతుంటే కండక్టరమ్మ ఫోన్ పట్టుకుని వచ్చింది. ప్రయాణికులంతా ఇందులో చూసుకునే స్టాపులకి వస్తున్నారట.

పదిహేడో నంబరు బస్సుకి ఒక వెబ్‌సైట్. డిపో బోర్డు మీద ఉన్న టైములు కావు, బస్సు నిజంగా వచ్చే టైములు. ప్రతి స్టాపుకీ చేత్తో గీసిన ఒక చిన్న బొమ్మ. అడుగున తయారుచేసినతను ఈ ఏడాదికి పెట్టుకున్న పనుల జాబితా ఉంది. రోజుకో బొమ్మ గీయడం, ఈత నేర్చుకోవడం, బస్సుకి ఒక పేజీ. నాలుగోది, ఆసుపత్రి గేటు దగ్గర స్టాపు ఇమ్మని డిపోకి అర్జీ. దాన్ని కొట్టేసి పక్కన ఇలా రాశాడు: "అక్కడ బస్సు ఆగిన ఆరు వారాల సాక్ష్యం చెరిపేశాను. ఒకరి ఉద్యోగం తీసే స్టాపు వద్దు."

డ్రైవరు ఆ వాక్యం రెండుసార్లు చదివాడు.

"ఆ ముక్కేదో మొదటే చెప్పొచ్చుగా," అన్నాడు చివరికి.

"చెప్పాడన్నా, సొంత పని అని. మనమే నమ్మలేదు."

ఆ రోజు వెనక గేటు దగ్గర బస్సు ఆపాడు. అక్కడ ఎవరూ లేరు. ఆగదని తెలిసి జనం ఎప్పుడో మానుకున్నారు. అయినా తలుపు తెరిచే ఉంచి, కండక్టరమ్మ ఫోన్ తీసుకుని, ఆరో స్టాపుకీ ఏడో స్టాపుకీ మధ్య, ఆ గేటు ఉండే చోట వేలు పెట్టి చూశాడు.

పేరు లేని ఆ చోట ఒక ముసలావిడ బొమ్మ ఉంది, ఒక చేతిలో ఎర్ర గుడ్డ చుట్టిన గొడుగు, రెండో చేతిలో పిప్పరమెంటు బిళ్ల, కింద చిన్న అక్షరాల్లో "మా అమ్మ" అని.